స్టార్‌డ్యూ వ్యాలీ: టమాటా ధర పడిపోని ఊరు

స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఈ వ్యవసాయ వీడియో గేమ్‌లో టమాటా ధర 60 గోల్డ్ (ఆటలో చెల్లే డబ్బు). పది కాయలు అమ్మినా అరవయ్యే, పదివేల కాయలు ఒకేసారి పెట్టెలో పోసినా కాయకి అరవయ్యే. ఊరంతా టమాటాయే వేశారని రేటు దిగదు. కమీషన్ ఏజెంటు లేడు, లారీ కిరాయి లేదు, వడ్డీకి తెచ్చిన అప్పు లేదు. మదనపల్లె మార్కెట్ సంగతి తెలిసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇదంతా కట్టుకథ అని నమ్మడానికి ఆ ఒక్క అంకె చాలు.

ధర పడదు, వాన అడపాదడపా పడుతూనే ఉంటుంది, పురుగు పట్టదు. మరి కష్టం ఎక్కడుంది? రోజులో. పొద్దున 6కి లేస్తారు, రాత్రి 2కి ఎక్కడున్నా కుప్పకూలిపోతారు. ఆటలో 10 నిమిషాలంటే మనకి దాదాపు 7 సెకన్లు, అంటే రోజు మొత్తం కలిపి 14 నిమిషాల చిల్లర. నెలకి 28 రోజులు, ఒక్కో ఋతువుకి ఒకటే నెల, నాలుగు ఋతువులకి 112 రోజుల ఏడాది. ఋతువు మారిన పొద్దున, కొత్త ఋతువుకి పడని పైరు ఎంత ఉంటే అంతా ఎండిపోయి కనిపిస్తుంది. ఇది మనసుకి విశ్రాంతినిచ్చే ఆట అని అందరూ అంటారు. నిజానికి ఇది గంటల లెక్క. చేతి పని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ, పోయిన గంటల్ని వెనక్కి రాబట్టుకోవడంలోనే దీని రుచి అంతా ఉంది.

తయారీ వివరాలు క్లుప్తంగా. సియాటిల్‌లో ఉండే ఎరిక్ బరోన్ నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా కూర్చుని కోడు, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ తనే చేశాడు. 2016 ఫిబ్రవరి 26న పీసీకి వచ్చింది. ఫోన్లలో ఐఓఎస్‌కి 2018లో, ఆండ్రాయిడ్‌కి 2019లో వచ్చింది. 1.6 అప్‌డేట్ పీసీకి 2024 మార్చిలో, ఫోన్లకీ కన్సోళ్ళకీ అదే ఏడాది నవంబరులో అందింది. ఒకసారి కొంటే అంతే. ఇన్నేళ్ళలో వచ్చిన పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితం. ప్రకటనలు లేవు, వజ్రాలు కొనమనే పాపప్ లేదు, 'ఎనర్జీ అయిపోయింది, 4 గంటలు ఆగండి' అనే బెదిరింపు లేదు. ఫేస్‌బుక్ రోజుల్లో పంట కోయడానికి అలారం పెట్టుకున్న తరానికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక పొలంలోకి దిగుదాం. మొదటి రోజు చేతిలో 500 గోల్డ్, ఊరి పెద్ద లూయిస్ ఇచ్చిన 15 పార్స్‌నిప్ విత్తనాలు ఉంటాయి. పార్స్‌నిప్ అంటే తెల్ల క్యారెట్ లాంటి దుంప. 4 రోజుల్లో వస్తుంది, 35కి పోతుంది. ఒంట్లో శక్తి 270. పారతో గడి తవ్వడానికి 2, నీళ్ళు పోయడానికి 2, గొడ్డలి వేటుకి 2. పదిహేను గడులు తవ్వి తడిపితే 60 పోయింది. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇక్కడే: పొలం అంతా శుభ్రం చేద్దామని కనపడ్డ రాయినీ మొద్దునీ కొడుతూ పోతారు, మధ్యాహ్నానికి ఒళ్ళు ఖాళీ. శక్తి సున్నాకి దిగితే నడక నెమ్మదిస్తుంది, మర్నాడు సగం శక్తితో లేస్తారు. ఆ పొలం ఏడాదికి కూడా పూర్తిగా శుభ్రం కాదు, కావలసిన అవసరమూ లేదు. ఇంటి ముందు ఓ పాతిక గడులు చాలు.

500తో ఏం కొనాలి? బంగాళాదుంప. విత్తనం 50, పంట 6 రోజులు, అమ్మకం 80, పైగా నాలుగింట ఒకసారి అదనంగా ఇంకో దుంప వస్తుంది. కాలీఫ్లవర్ 175కి పోతుంది కదా అని చాలామంది దానిమీద పడతారు. అది 12 రోజులు. ఒకటో తేదీన వేస్తే 13న కోతకొస్తుంది, ఆ డబ్బు చేతికందేది 14న. ఈ ఒక్క రోజు తేడా ఎందుకు ముఖ్యమో చెప్తాను.

వసంతం 13న గుడ్ల పండుగ. స్ట్రాబెర్రీ విత్తనాలు దొరికేది ఆ సంతలోనే, ఒక్కోటి 100. ఎనిమిది రోజుల్లో కాపు, తర్వాత 4 రోజులకోసారి, కాయ 120. అదే రోజు నాటితే 21న, 25న రెండు కోతలు దక్కుతాయి. మరుసటి రోజుకి వాయిదా వేసినా 22, 26 దక్కుతాయి. ఏ రోజూ నీళ్ళు మరవకూడదంతే. అసలు చిక్కు వేరే ఉంది. పండుగ నుంచి ఇల్లు చేరేసరికి ఆటలో రాత్రి 10 అయిపోతుంది. అప్పుడు పార పట్టుకుని తవ్వడం మొదలుపెడితే రాత్రి 2 లోపు మిగిలిన నాలుగు గంటలూ హడావుడే. అందుకని 13 పొద్దున్నే, సంతకి వెళ్ళకముందే, గడులు తవ్వి తడిపి ఉంచండి. రాత్రి వచ్చి విత్తనం వేసుకుంటూ పోతే సరి, తడి మట్టి ఆ రోజు నీళ్ళ కిందే లెక్క. నాటినవి పోను పది పదిహేను విత్తనాలు దాచిపెట్టండి. రెండో ఏడాది వసంతం ఒకటిన వేస్తే అవే మొక్కలు 9, 13, 17, 21, 25 తేదీల్లో ఐదు కాపులు ఇస్తాయి. 100 పెట్టుబడికి 600.

ఇంకో రెండు విషయాలు ఆట మీకు చెప్పదు. పియర్ విత్తనాల కొట్టు పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా, బుధవారం సెలవు. మంగళవారం కోత కోసి, బుధవారం డబ్బు పట్టుకుని తాళం వేసిన తలుపు ముందు నిలబడటం ప్రతి కొత్త ఆటగాడికీ జరిగే సన్మానం. పోటీ సూపర్‌మార్కెట్ జోజామార్ట్ ఆ రోజు తెరిచే ఉంటుంది గానీ 20 గోల్డ్ విత్తనానికి 25 తీసుకుంటుంది. రెండోది కాకులు. మొక్కలు 15 దాటితేనే వస్తాయి. దిష్టిబొమ్మ చేయడం వ్యవసాయం ఒకటో లెవెల్‌లో తెలుస్తుంది. ఉచితంగా వచ్చిన పదిహేను పార్స్‌నిప్‌లు కోస్తే ఆ లెవెల్ వచ్చేస్తుంది. 50 కట్టెలు, 1 బొగ్గు, 20 నారపీచు పెడితే చుట్టూ 8 గడుల మేర కాపలా.

వేసవి లెక్క తెలుగువాళ్ళకి సరదాగా ఉంటుంది. టమాటా, మిర్చి రెండూ ఉన్నాయి. టమాటా విత్తనం 50, 11 రోజులకి తొలి కాపు, తర్వాత 4 రోజులకోసారి. ఒకటిన వేస్తే 12, 16, 20, 24, 28 తేదీల్లో ఐదు కాయలు. 300లో 50 తీసేస్తే మిగిలేది 250. మిర్చి విత్తనం 40, ఐదు రోజులకి కాపు, ఆపైన మూడేసి రోజులు. ఎనిమిది కోతలు, కాయ 40 చొప్పున 320, ఖర్చు పోను 280. మిర్చిదే పైచేయి. అయితే ఈ రెంటినీ బ్లూబెర్రీ కొట్టి పారేస్తుంది. విత్తనం 80, 13 రోజులకి మొదలై 14, 18, 22, 26 తేదీల్లో నాలుగు కోతలు, కోతకి మూడేసి పండ్లు. పండు 50 చొప్పున 600. మొక్కకి నికరంగా 520. వేసవి ఒకటిన దొరికినన్ని బ్లూబెర్రీలు, ఓ ఐదారు టమాటా, ఐదారు మిర్చి, కాసిని కర్బూజా వేయండి. చివరి మూడూ ఎందుకన్నది కమ్యూనిటీ సెంటర్ దగ్గర తెలుస్తుంది. శరత్తులో ఇదే పాత్ర క్రాన్‌బెర్రీది. విత్తనం 240 అనగానే వెనకాడకండి. 8, 13, 18, 23, 28 తేదీల్లో ఐదు కోతలు, కోతకి రెండు, పండు 75. మొత్తం 750.

మిర్చి గురించి ఇంకో ముక్క. ఈ ఆట మిరపకాయని పండు కింద లెక్కేస్తుంది. జాడీలో వేస్తే ఊరగాయ రాదు, జెల్లీ వస్తుంది. పీపాలో పోస్తే మిరపకాయ వైన్. గుంటూరులో ఈ మాట చెబితే ఏమంటారో మీ ఊహకే వదిలేస్తున్నా. కానీ పచ్చి మిరపకాయ కానుకగా ఇస్తే పొంగిపోయేవాళ్ళు ఊళ్ళో ఇద్దరున్నారు: ఊరి పెద్ద లూయిస్, జోజామార్ట్‌లో పనిచేసే షేన్. వేసవిలో వారానికి రెండేసి కాయలు చేతిలో పెట్టండి, స్నేహం దానంతటదే పెరుగుతుంది.

వరి కూడా ఉంది. నారు 40, వడ్లు 30. అవును, వరి వేస్తే ఇక్కడా నష్టమే. మర ఆడించి బియ్యం చేస్తే 100 పలుకుతుంది గానీ మిల్లు కట్టడానికి 2,500 గోల్డ్, 150 కట్టెలు, 50 రాళ్ళు, 4 గుడ్డలు కావాలి. ఒక్క మంచి సంగతి: చెరువుకి 3 గడుల లోపు నాటితే నీళ్ళు పోయక్కర్లేదు, 8 రోజుల పంట 6 రోజుల్లో వస్తుంది. వరికి నీటి పక్కన చోటివ్వాలని ఒంటరిగా కూర్చున్న ఆ అమెరికా కుర్రాడికి తట్టడం నాకు భలే నచ్చింది.

ఆట అసలు రంగు బయటపడేది స్ప్రింక్లర్ల దగ్గర. మొదట్లో 80 మొక్కలకి చేత్తో నీళ్ళు పోస్తే 160 శక్తి పోతుంది, పైగా 40 గడులకోసారి చెరువుకెళ్ళి డబ్బా నింపుకురావాలి. పొద్దున 6కి మొదలుపెడితే పని అయ్యేసరికి పూట గడిచిపోతుంది. ఆ సగం రోజుని కొనుక్కునే వస్తువే స్ప్రింక్లర్. రెండో లెవెల్‌లో వచ్చే మామూలు రకం నాలుగు గడులే తడుపుతుంది, దానిమీద రాగి, ఇనుము తగలేయకండి. ఆరో లెవెల్‌లో వచ్చే క్వాలిటీ స్ప్రింక్లర్ చుట్టూ ఉన్న 8 గడుల్నీ తడుపుతుంది. దానికి 1 ఇనుప కడ్డీ, 1 బంగారు కడ్డీ, 1 శుద్ధి చేసిన క్వార్ట్జ్. ఒక్కో కడ్డీకి ఐదు ముడి ఖనిజం, ఒక బొగ్గు పడుతుంది, క్వార్ట్జ్ శుద్ధికీ ఒక బొగ్గు. కాబట్టి 10 స్ప్రింక్లర్లకి 50 ఇనుప ఖనిజం, 50 బంగారు ఖనిజం, 10 క్వార్ట్జ్, 30 బొగ్గు. అంతే, 80 గడుల నీటి పని జీవితాంతం తీరిపోయింది.

ఇవన్నీ గనిలో దొరుకుతాయి. గని వసంతం 5న తెరుచుకుంటుంది. మొత్తం 120 అంతస్తులు, ఐదేసి అంతస్తులకి లిఫ్ట్ ఆగుతుంది. 40 లోపు రాగి, 40 నుంచి 80 దాకా ఇనుము, 80 దాటాక బంగారం. బయలుదేరేముందు టీవీలో జాతకం చూడండి. తమాషాకి పెట్టింది కాదది, ఆ రోజు అదృష్టం బాగుంటే రాళ్ళ కింద నిచ్చెనలు తొందరగా దొరుకుతాయి. బాగోలేదంటే ఆ రోజు గని మానేసి కట్టెలు కొట్టుకోండి. అందరికీ అడ్డం తగిలేది ఇనుమో బంగారమో కాదు, బొగ్గు. 41 నుంచి 79 అంతస్తుల మధ్య నల్లగా గంతులేసే మసి బొమ్మలుంటాయి. వాటిని కొడితే దాదాపు రెండింట ఒకసారి బొగ్గు పడుతుంది. ఒక పూట అక్కడే తిరిగితే 30 బొగ్గులు పెద్ద పని కాదు. కమ్మరి క్లింట్ కొట్లో కొంటే మొదటి ఏడాది బొగ్గు ఒక్కోటి 150.

స్ప్రింక్లర్‌తో జనం పడే తిప్పలు రెండు. ఒకటి, అది పొద్దున మాత్రమే చిమ్ముతుంది. మధ్యాహ్నం పాతిపెట్టి పక్కన విత్తనం వేస్తే ఆ రోజుకి నీళ్ళు మీరే పోయాలి, లేకపోతే ఒక రోజు వెనకబడుతుంది. నెలాఖరు పంటకి ఆ ఒక్క రోజే ప్రాణం తీస్తుంది: 13 రోజుల గుమ్మడి 15వ తేదీన నాటితే 28న కోతకొస్తుంది, మధ్యలో ఒక్క రోజు తడి తప్పినా ఒకటో తేదీ పొద్దున ఎండిన తీగే మిగులుతుంది. రెండోది, ఆకురాలు కాలం అయ్యాక పారతోనో పికాక్స్‌తోనో స్ప్రింక్లర్లు పీకేయడం. అక్కర్లేదు, చలికాలమంతా అక్కడే ఉండనివ్వండి.

పనిముట్లకి సాన పెట్టించడంలోనూ రోజు లెక్కే. క్లింట్ దగ్గర రాగి స్థాయికి 2,000 గోల్డ్, 5 కడ్డీలు. ఉక్కుకి 5,000, బంగారానికి 10,000. ప్రతిసారీ పనిముట్టు రెండు రోజులు అతని దగ్గరే ఉంటుంది. నీళ్ళ డబ్బా ఇచ్చేసి మర్నాడు పొలం ముందు చేతులూపుకుంటూ నిలబడినవాళ్ళు లెక్కలేనంత మంది. ఉపాయం సులువు: టీవీలో 'రేపు వాన' అని చూపించిన రోజు, పొద్దున పొలం తడిపేసి డబ్బా తీసుకెళ్ళి ఇవ్వండి. మర్నాడు వానే తడుపుతుంది, ఆ తర్వాతి పొద్దున వెళ్ళి తెచ్చుకుని పోసుకోవచ్చు. ఒక్క మొక్కా నష్టపోదు. చలికాలం మొత్తం ఈ పనికి ఎలాగూ ఖాళీయే.

పశువుల విషయంలో ఒకే హెచ్చరిక. కోళ్ళ గూడు (4,000 గోల్డ్, 300 కట్టెలు, 100 రాళ్ళు) కట్టడానికి తొందరపడేముందు సైలో (ఎండుగడ్డి నిల్వ చేసే గాదె) కట్టించండి. దానికి 100 గోల్డ్, 100 రాళ్ళు, 10 బంకమట్టి, 5 రాగి కడ్డీలే. సైలో లేకుండా కొడవలితో గడ్డి కోస్తే ఆ గడ్డి గాలికే పోతుంది. పొలంలో మొదట ఉన్న పచ్చగడ్డంతా మొదటి వారంలోనే ఇలా చదును చేసేసి, చలికాలంలో పశువులమ్మే మార్నీ దగ్గర మోపు 50 పెట్టి కొనుక్కునేవాళ్ళు బోలెడు మంది. పది పశువులకి రోజుకొకటి చొప్పున చలికాలం 28 రోజులకి 280 కావాలి. ఒక సైలోలో పట్టేది 240. లెక్క మీరే చూసుకోండి, రెండు కట్టించాల్సిందే.

కమ్యూనిటీ సెంటర్ అంటే ఊరి మధ్య పాడుబడిన భవనం. అందులో ఆరు గదులు, ఒక్కో గదికి కొన్ని వస్తువుల జాబితాలు. అడిగినవన్నీ ఇస్తే గదికొక బహుమతి. ఇష్టం లేకపోతే 5,000 కట్టి జోజా సభ్యత్వం తీసుకుని అవే బహుమతులు డబ్బుతో కొనేయొచ్చు. డబ్బు దారి వేగంగా ఉంటుంది, చప్పగా ఉంటుంది. మొదటిసారి ఆడేవాళ్ళు జాబితాల దారే పట్టండి. వంటగది జాబితాలన్నీ పూర్తయితే వచ్చే గ్రీన్‌హౌస్ ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన బహుమతి. 120 గడులు, ఋతువుల బెడద లేదు, చలికాలంలో కూడా స్ట్రాబెర్రీ. దానికోసమే వేసవిలో టమాటా, మిర్చి, బ్లూబెర్రీ, కర్బూజా తలా ఒకటి పక్కన పెట్టమన్నది. వసంతంలో పార్స్‌నిప్, బీన్స్, కాలీఫ్లవర్, బంగాళాదుంప. శరత్తులో మొక్కజొన్న, వంకాయ, గుమ్మడి, యామ్ దుంప. ఒక పెద్ద పెట్టె ఇంటి పక్కన పెట్టి, ఏ పంట వచ్చినా మొదటిది అందులో వేశాకే మిగతావి అమ్మండి. ఈ ఒక్క అలవాటు లేక ఏడాది పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

మరో జాబితా బంగారు నక్షత్రం ఉన్న పంటలు ఐదేసి అడుగుతుంది: పార్స్‌నిప్, కర్బూజా, గుమ్మడి, మొక్కజొన్నల్లో ఏవైనా మూడు. పార్స్‌నిప్ కాలం దాటిపోయిందని బాధపడక్కర్లేదు, మిగతా మూడూ చాలు. అసలు పీడ ఎర్ర క్యాబేజీ. పియర్ దాని విత్తనం రెండో ఏడాది గానీ అమ్మడు. మొదటి ఏడాదిలోనే భవనం పూర్తి చేయాలంటే శుక్ర, ఆదివారాల్లో దక్షిణపు అడవిలో ఆగే సంత బండిని ప్రతి వారం చూస్తూ ఉండాలి. అంత ఓపిక లేకపోతే కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో మొదటి ఏడాదిలో పూర్తయ్యేలా హామీ ఇచ్చే గడికి టిక్ పెట్టండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఇంకొకటి: 25,000 సంపాదించాక ఊళ్ళోని శాస్త్రవేత్త డెమెట్రియస్ వచ్చి మీ పొలంలోని గుహలో పుట్టగొడుగులా, గబ్బిలాలా అని అడుగుతాడు. గబ్బిలాలు ఆపిల్, చెర్రీ లాంటి పండ్లు రాలుస్తాయి, జాబితాలకి పనికొస్తాయి. డబ్బు, మందు కావాలంటే పుట్టగొడుగులు.

రెండో ఏడాది నుంచి ఆట సేద్యం వదిలి సారాయి బట్టీ వైపు వెళ్తుంది. పీపాలో పండు వేస్తే దాదాపు వారానికి వైన్ అవుతుంది, ధర పండుకి మూడింతలు. జాడీలో వేస్తే మూడు రోజుల్లోపే జెల్లీ, ధర రెండింతల మీద 50. అంటే 50 గోల్డ్ పండు దగ్గర రెండూ సమానం. బ్లూబెర్రీ ఎటు వేసినా 150, తొందరగా అయ్యే జాడీయే మేలు. అంతకంటే ఖరీదైన పండ్లన్నీ పీపాకి పంపండి. కూరగాయల లెక్క వేరు. పీపాలో రసానికి రెండుంపావు వంతులే కాబట్టి 200 లోపువి జాడీకి. పండు నాణ్యత వైన్‌కి ఎక్కదు. బంగారు నక్షత్రం పండ్లని పచ్చిగా అమ్మి, నక్షత్రం లేనివి పీపాలో పోయండి. వ్యవసాయం పదో లెవెల్‌లో ఆర్టిజన్ ఎంచుకుంటే ఇలాంటి సరుకుమీద 40 శాతం ఎక్కువ.

పీపాకి కావలసినవి 30 కట్టెలు, ఒక రాగి కడ్డీ, ఒక ఇనుప కడ్డీ, ఒక ఓక్ బంక. అందరూ ఇరుక్కునేది ఈ బంక దగ్గరే. చెట్టుకి తగిలించిన గొట్టం వారానికి ఒకటే ఇస్తుంది. యాభై పీపాలు కావాలనుకున్న రోజున గొట్టాలు పెట్టడం మొదలుపెడితే వారాల తరబడి ఆగాలి. మొదటి ఏడాది వేసవిలోనే పది ఓక్ చెట్లకి తగిలించి మరిచిపోండి. గ్రీన్‌హౌస్‌లో ఏన్షియంట్ ఫ్రూట్ అనే ఖరీదైన పండు మొక్కలు నిండాక అందం చూడాలి: మొక్క ఎదగడానికి 28 రోజులు, తర్వాత 7 రోజులకోసారి కాపు, పీపాకీ ఏడు రోజులే. వారానికొకసారి కోత, వారానికొకసారి పీపాలు. పండు 550, వైన్ 1,650. వంద మొక్కలుంటే వారానికి 1,65,000. మిగతా ఆరు రోజులూ మీవే. మొదటి వసంతంలో నీళ్ళ డబ్బాతో గడిపిన పొద్దులన్నీ ఇలా తిరిగొస్తాయి.

చేపల వేట మీద నాకు మంచి అభిప్రాయం లేదు. ఆకుపచ్చ పట్టీలో చేపని నిలబెట్టే ఆ చిన్న ఆట మొదటి పది గంటలూ చిరాకే, చేప కన్నా చెత్తే ఎక్కువ దొరుకుతుంది. లెవెల్ పెరిగేకొద్దీ పట్టీ పొడుగవుతుంది, అప్పటిదాకా చేపల కొట్టు విల్లీ దగ్గర 25 గోల్డ్‌కి దొరికే ట్రైనింగ్ రాడ్ వాడండి. మామూలు చేపలే పడతాయి గానీ చేయి కుదురుతుంది. నొక్కి పట్టుకోవడం మానేసి, చిన్నచిన్నగా తడుతూ పట్టీని తేల్చడం దీని కిటుకు.

లోపాలు చెప్పాలి. మంచం ఎక్కితేనే సేవ్ అవుతుంది. పీసీలో మధ్యలో కరెంటు పోతే ఆ రోజు పోయినట్టే. కోతల పొద్దున ఇన్వర్టర్ లేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఫోన్‌లో మాత్రం అత్యవసర బ్యాకప్ ఉంటుంది. ఎవరికి ఏ కానుక నచ్చుతుందో, ఏ చేప ఎప్పుడు దొరుకుతుందో ఆట చెప్పదు. సగం మంది ఆటగాళ్ళకి పక్కన వికీ తెరిచి ఉండాల్సిందే. మూడో ఏడాది దాటాక ఊరివాళ్ళ మాటలు అరిగిపోయిన రికార్డే. మూడో ఏడాది మొదట్లో, ఈ పొలం మీకు వదిలిపోయిన తాతయ్య ఆత్మ వచ్చి మీ లెక్క చూసి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఆ గడువుకి భయపడి మొదటి రెండేళ్ళు పరుగులు పెట్టేవాళ్ళున్నారు. నాలుగూ వెలగకపోతే తర్వాత ఎప్పుడైనా పొలంలో ఆయన పేరిట ఉన్న పీఠం మీద ఒక వజ్రం పెడితే మళ్ళీ చూస్తారు, తొందరేం లేదు. అన్నిటికన్నా పెద్ద లోటు భాష. ఆట 12 భాషల్లో దొరుకుతుంది, తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లీషు తడుముకునే పిల్లలకి మొదటి వారం పక్కన ఒకరు కూర్చోవాలి.

ఎందులో కొనాలి? 2 జీబీ ర్యామ్, 500 ఎంబీ జాగా ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది కాబట్టి ఉంటే పీసీయే. కంట్రోళ్ళు చక్కగా ఉంటాయి, మోడ్లు (అభిమానులు చేసిన చేర్పులు) వేసుకోవచ్చు, 1.6 తర్వాత ఎనిమిది మంది దాకా ఒకే పొలంలో ఆడొచ్చు. కలిసి ఆడేటప్పుడు మెనూ తెరిచినా గడియారం ఆగదని గుర్తుంచుకోండి. ఫోన్‌లో గడి మీద వేలు పెడితే మనిషి తనే నడిచి పని చేసుకొస్తాడు, నీళ్ళు పోయడానికి మౌస్ కన్నా ఇదే హాయి. గనిలో మాత్రం వేలు అడ్డొచ్చి తిప్పలు, సెట్టింగ్స్‌లో జాయ్‌స్టిక్, బటన్ల రకానికి మార్చుకోండి. ఫోన్‌లో ఇంకో జాగ్రత్త: చేతిలో ఏదైనా వస్తువు ఎంచుకుని ఉండగా ఊరివాళ్ళ మీద తడితే అది కానుకగా వెళ్ళిపోతుంది. జాబితాకని దాచిన ఒకే ఒక్క ఎర్ర క్యాబేజీ పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు, ముందు చేతిలోకి కొడవలి మార్చుకోండి.